వేలిముద్ర

తొంభై ఆరు.
ఎర్ర సిరాతో రెండుసార్లు కూడాను. తగ్గలేదు.

ఇంకెవరో అడిగారని రాసుకుంటే బాగుండేది గానీ
మిల్వాకీలో, ఆ ఉత్తరపు పేట బడిలో,
హీటరు దగ్గుతున్న రెండో పీరియడ్‌లో
నేనే అడిగాను:
"ఎవరిది చూసి రాశావ్, ఎమరీ?"

వాడు కోప్పడలేదు.
తెలిసిన వానకి గొడుగు విప్పినంత నిదానంగా
ముఖం మూసుకున్నాడు.
వెనక బెంచీలోంచి నవ్వు.
వాళ్ళలో ఎవరికి ఎక్కువొచ్చినా అలాగే నవ్వుతారు.
అదీ ఒక పరీక్షే,
దానికి మార్కులు వేసేది నేను కాదు.

బోర్డు దగ్గరికి పిలిచాను. తప్పు మీద తప్పు.
రెండు రైళ్ళ లెక్క ఇచ్చాను, పుస్తకంలో లేనిది.
మార్కరు సగంలో ఎండిపోయింది. ఇంకోటి అడగలేదు.
కీచుమనే ఆ వెలిసిన గీతలతోనే
ఎక్స్‌ని ఒంటరిని చేసి
దాని విలువ దాని పక్కన పెట్టాడు.

ఇదీ చూసే రాశానా అని అడగలేదు.
అడిగుంటే బాగుండు.
ఈ బడిలో అందరూ విరిచేసే నా పేరుని
మొదటి రోజే రెండుసార్లు అడిగి నేర్చుకున్నవాడు
ఆ పూట "మిస్" అని ఊరుకున్నాడు.
"మిస్, కూర్చోనా?"

సాయంత్రం పేపర్లు కట్ట కడుతుంటే
కింది మూల, నల్లగా, బొటనవేలు.
గ్రీజు.
మేనమామ టైర్ల కొట్లో రాత్రి పదకొండు దాకా
నట్లు బిగించే వేలు.
ఏ చక్రానికి ఎంత బిగింపో,
నిష్పత్తుల్ని పాఠం కంటే ముందే ముట్టుకున్న వేలు.

మా భాషలో వేలిముద్ర అంటే
చదువు రాదని ఒప్పుకోవడం.
రిజిస్ట్రారు ఆఫీసులో మా నాయనమ్మ
కొంగుతో తుడిచీ తుడిచీ పోగొట్టుకోలేకపోయిన మరక.
ఈ కాగితం మీద మాత్రం అది
"నేనే రాశాను" అంటోంది,
నేను అడగకముందు నుంచీ.

మర్నాడు క్షమించమన్నాను, అందరి ముందూ.
అడిగింది అందరి ముందే కదా.
"పర్లేదు మిస్" అన్నాడు
కిటికీ బయటి మంచుతో.
పేపరు నాలుగు మడతలు పెట్టి
బూటులోకి దోపాడు.
దాచుకున్నాడో, దాచేశాడో.
ఆ రెండు మాటల మధ్య దూరం
నాకు ఇప్పటికీ తేలని లెక్క.

మార్చిలో, పై తరగతి లెక్కలకి
ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఏం మాట్లాడలేదు.
సంతకం చోటు ఖాళీ.
దాని పైన టీచరు పేరు తనే నింపాడు,
ఇంత పొడుగు పేరు,
ఒక్క అక్షరం తప్పు లేకుండా.