తరుగు

ముప్పై ఎనిమిది వేల నాలుగొందలు.
శౌరి కవర్ల పదకొండు,
ఆటో ఫైనాన్సుకు కట్టాల్సిన ఐదు యాకూబ్‌వి,
మూణ్నెల్ల అంగన్‌వాడీ జీతం ఒక్కసారే పడ్డదని
నీలవేణి పన్నెండు తెచ్చింది.
పది నావి.
ఆ నాలుగొందలు ఎవరియో ఎవరికీ యాదికి లేదు.
ఛాయ్‌లకైతయి తియ్ అన్నడు యాకూబ్.

ఆదివారం మార్కెట్ బంద్.
మిగతా దినాలు నేను ఎనుమాముల కాంటా కాడ
మిర్చి బస్తాలు రాసుకునే గుమస్తాను,
రాత్రయితే బేస్ గిటారు.
వేళ్ల ఘాటు తీగలకంటి
చెమట పడితే మళ్లీ వేళ్లనే మండిస్తది.

ఇన్నేండ్లు టెంటుహౌసోళ్ల డబ్బాల మీదనే బతికినం.
వర్ధన్నపేట పెండ్లిల
నీలవేణి స అంటే ష అని వినపడ్డది.
పెండ్లికొడుకు మేనమామ మైకు గుంజుకొని
బువ్వలకు రాండ్రి అన్నప్పుడు మాత్రం
ఎంత సాఫ్‌గ పలికిందో ముండది!

చౌరస్తా వెనక గల్లీల దుకాణం.
సారంగపాణి మా చెప్పులు చూసి మా తాకత్ తూచిండు.
పదిహేనించుల జోడి మీద చెయ్యేసి
"వెయ్యి వాట్లు" అన్నడు.

నాకు నవ్వొచ్చింది.
క్వింటాలని రైతు తెస్తడు,
తేమకింత, మట్టికింత, తాలుకింత,
సంచి బరువుకింకింత,
చీటి మీద మిగిలేది వేరే.
ఆ చీటీలు రాసే చెయ్యి ఇదే.
"డబ్బా మీద వెయ్యి, సరే.
మూడు గంటలు ఆగకుంట పాడితే ఎంత?"
సారంగపాణి ఛాయ్ చెప్పి పంపిండు.
గ్లాసులు వచ్చినంక, మెల్లగ,
"రెండొందల యాభై అనుకోరాదు."

పెన్‌డ్రైవ్ పెట్టిండు. అద్దాలు గజగజ వణికినయి.
శౌరి తలూపిండు.
శౌరి దేనికైనా తలూపుతడు,
కాజీపేట డీజిల్ షెడ్డుల పదహారేండ్లాయె.

"పాట బంద్ చెయ్యండ్రి" అన్నది నీలవేణి.
"ఏం పెట్టకుంట, ఊకెనే ఆన్‌ల ఉంచండ్రి."
ఒకటి సర్రుమంటది, పొయ్యి మీద మాడే పోపు లెక్క.
ఇంకోటి గుర్రుమంటది, దుప్పటి కింద ఎవలో పన్నట్టు.
మూలకున్న పన్నెండించులది,
ఒక అంచు చెక్కు లేచిపోయినది,
ఏమీ అనలే.
నీలవేణి దాని మైకు పట్టుకొని
పాడలే, హాజరు పిలిచింది:
"వైష్ణవీ... అయాన్... చిన్న సమ్మక్కా..."
చెరిగిన గింజల లెక్క ఒక్కొక్క పేరు రాలింది.
"వచ్చిన టీచర్" అన్నడు యాకూబ్, చెయ్యెత్తి.

ఒక్కటి ముప్పై రెండు వేలు.
జోడి మా వల్ల కాదు.
శౌరి ఒప్పుకోలే: చౌకయైనా రెండుండాలె,
ఒక్కటైతే ఒంటి కమ్మ పెట్టుకున్నట్టుంటది.
యాకూబ్ దాన్ని లేపి చూసి దించిండు:
ఫంక్షన్ హాళ్లన్నీ రెండో అంతస్తులనే కడతరు, మోసేది నేనే.
నేను లెక్కలు చెప్పిన.
శౌరి ఎడమ చెవి సంగతి
నలుగురికీ తెలుసు, ఎవరం ఎత్తలే.
ఆయన అలిగి బయటికి పోయి
సిగరెట్ కాల్చుకొని వచ్చి
కవరు బల్ల మీద పెట్టిండు.

వాన. ఆటోకు ఒకదిక్కు పరద లేదు.
నా బండి మీదున్న బోరాలు కప్పినం.
మిర్చి బోరాలు. పొడిగ ఉన్నయి అవే.

హంటర్ రోడ్డుల, కార్తీకం, తొలి పెండ్లి.
రెండు ప్లాస్టిక్ కుర్చీల మీద ఒక్కటే డబ్బా.
నేను మందరం తీగ మీటిన.
డబ్బా కింది తూటుకెల్లి బుస్సున గాలి,
గాలితోటి ఎర్రటి దుమ్ము.
ముందు వరుసల తెల్లచొక్కా ఆయన తుమ్మిండు,
పక్కామె తుమ్మింది,
సోఫా మొత్తం తుమ్మింది.
పంతులు గడియారం చూసి, మంత్రం ఆపి,
నీళ్లు చల్లుకున్నడు.
యాకూబ్ తాళం తప్పిండు నవ్వుకు.
నీలవేణి దగ్గు మింగి పల్లవెత్తుకున్నది.
స అంటే స.
వంటలకాడి మనిషొకడు గంటె చేతులనే పట్టుకొని
తలుపు కాడికొచ్చి నిలబడ్డడు.

పైసలిచ్చేటప్పుడు పెండ్లి పెద్ద
ఐదొందలు పట్టుకున్నడు,
ఒకటే డబ్బా కదా అని.
నేనేం మాట్లాడలే.
ఆ లెక్క నాకు తెల్వందా.