పదకొండో నిమిషంలో గుక్క

డెట్రాయిట్ తూర్పు వైపు, మూతపడిన లాండ్రీలో
మా రిహార్సల్.
పైకప్పు కింద ఆ ఇనుప పట్టా ఇంకా ఉంది,
ఎవరి కోట్లూ లేని కొక్కేలతో.
ఎవరైనా గట్టిగా గెంతితే
అవన్నీ సన్నగా గలగలమంటాయి.
తీసేద్దామనుకున్నాను మొదట్లో.
తర్వాత వాటినీ వాద్యబృందంలో కలుపుకున్నాను.

టేపు మీద పేరు లేదు.
పెన్సిలుతో ఒక అంకె మాత్రం, డెబ్భై రెండు.
చర్చి నేలమాళిగలో చవక మైకు పెట్టి
ఎవరో పట్టుకున్న మోత.
శాక్సఫోన్ హోసియా టిబ్స్,
మా అమ్మకు వరసకు అన్న,
నేను పుట్టేలోపే పోయినవాడు.
ఒక్క స్వరాన్నే పట్టుకుని
తిప్పి, మెలిపెట్టి, చించి, మళ్ళీ కుట్టి
పది నిమిషాలు.
దేవుడి తలుపు తట్టడం కాదది,
భుజం ఆనించి తోయడం.

పదకొండో నిమిషంలో అంతా ఆగుతుంది.
నేల మీద ఒక కుర్చీ గీరుకుంటుంది.
అప్పుడొక గుక్క
లోతుగా, పొడుగ్గా,
మెట్లు లేని చోటికి ఎవరో దిగుతున్నట్టు.

నా నాట్యమంతా ఆ గుక్కలోంచే తీశాను.
"ఎన్నో లెక్క మీద లేవాలి?" అన్నాడు ట్రెమేన్.
"లెక్క లేదు. పక్కటెముకలు విచ్చుకున్నప్పుడు."
"అవి రోజంతా విచ్చుకుంటూనే ఉంటాయిగా!"
"అయితే నువ్వు పొద్దున్నే లేచి ఉండాల్సింది."

ఆరు వారాలు.
చేతులు పైకి, గడ్డాలు పైకి,
కెజియా మడమలు నేలకు రుణం లేనట్టు.
మోకాలు బాగాలేని వినెట్‌ను
వెనక వరసలో, గోడ పక్కన నిలబెట్టాను.
నోట్‌బుక్కులో 'ప్రార్థన' అని రాసుకుని
కింద రెండు గీతలు గీశాను.

ఎలర్బీ గారిని మనవరాలు కారులో దింపి వెళ్ళింది.
ఎనభై నాలుగేళ్ళు. ఆ టేపులో డ్రమ్ములు ఆయనవే.
టోపీ మోకాలి మీద పెట్టుకుని
చివరిదాకా చూశాడు, ఒక వేలు కూడా ఆడించకుండా.

"బాగుంది" అన్నాడు.
"కానీ అది ప్రార్థన కాదమ్మా, ఆయాసం.
ఫౌండ్రీలో రాత్రి షిఫ్టు దిగి
సరాసరి వచ్చేవాడు హోసియా.
ఊపిరితిత్తుల నిండా ఇసుక దుమ్ము.
ఛాతీలో పిల్లికూతలు.
ఆ కుర్చీ చప్పుడు నాది.
పడిపోతాడేమోనని లేచాను."

రేడియేటర్ రెండుసార్లు దగ్గింది.
ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను.
ఉంది. గుక్క అడుగున సన్నటి ఈల.
ఇన్నేళ్ళూ టేపు అరిగిందనుకున్నాను.

నోట్‌బుక్కులో ఆ మాట కొట్టేయలేదు.
కొట్టేయాలో వద్దో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు చేతులన్నీ కిందికి దించాను.
అరచేతులు మోకాళ్ళ మీద,
వీపులు వంగి,
ఒక్కొక్కరి నోటికింద నేల మీద
ఒక్కొక్క చెమట చుక్క.
కెజియాకు నచ్చలేదు.
"ఇది నాట్యమా, బస్సు తప్పిపోవడమా?"
నా దగ్గర జవాబు లేదు.
అప్పుడు వినెట్‌ను ముందుకు పిలిచి
కుర్చీ వేశాను.
ఆమె చేయవలసింది ఒక్కటే, లేవడం.
పడిపోబోతున్న మనిషి వైపు
చేతులు ఇంకా చాచకముందే
ఒళ్ళంతా లేవడం.
బాగులేని మోకాలు ఆ పనిని ఎంత నెమ్మదిగా చేసిందంటే
మేం అందరం ఆ మోకాలితో పాటే లేచాం.

"ఆ రోజు పడిపోయాడా?" ట్రెమేన్ అడిగాడు ముసలాయన్ని.
"లేదు. మళ్ళీ వాయించాడు.
నేనే ఇక కూర్చోలేకపోయాను.
మిగిలిందంతా నిలబడే కొట్టాను."

పన్నెండో నిమిషం నుంచి
డ్రమ్ములు కాస్త పైనుంచి వినిపిస్తాయి.
మైకు దోషమని రాసిపెట్టుకున్నాను ఎప్పుడో.

టేపు మళ్ళీ పెట్టాను.
వినెట్ లేచింది.
ఎవరూ గెంతలేదు,
అయినా పైన
ఒక్క కొక్కెం కదిలింది.