నీటి గీతకు పైన

మా లంకలో సాలెపురుగులకి పేర్లు లేవు.
ఎనిమిది కాళ్ళుంటే అన్నీ ఒకటే:
చెప్పో, చీపురో.
పేర్లు పెట్టింది నేనే.
పంటు ఆగిపోయిన సాయంత్రాలు
ఇంకేం పనుంటుంది చెప్పండి?

వంటింటి మూల తలకిందులుగా వేలాడేది,
దారప్పోగుల్లాంటి కాళ్ళది,
ఉఫ్ అంటే చాలు
ఒళ్ళు తెలీకుండా ఊగిపోతుంది.
అది పూనకాలమ్మ.
దానివల్ల ఎవరికీ ఏం కాదు,
కాస్త బూజు తప్ప.

కిటికీ చువ్వ మీదది బియ్యపు గింజకన్నా కొంచెం పెద్దది.
గూడు కట్టదు.
ఈగ వెనక పిల్లిలా నక్కి నక్కి
ఒక్క గెంతు.
వేలు చూపిస్తే పారిపోదు,
ఒళ్ళంతా ఇటు తిప్పి మొహంలోకి చూస్తుంది,
బాకీ అడగడానికొచ్చి
మొహమాటపడుతున్నట్టు.
దానికింకా పేరు కుదరలేదు.

మూడోది అరచేయంత.
కరెంటు పోయాకే వస్తుంది,
మీటరు బోర్డు వెనకనుంచి.
బొద్దింకల లెక్క తేల్చుకుని
తెల్లారేలోగా వెళ్ళిపోతుంది.
మా ఆయన లేచి నిలబడి
"ఆర్డీవో గారొచ్చారే, కుర్చీ వెయ్యి" అంటాడు.

ఊడ్పుల రోజుల్లో మా కెజియా మెడ మీద
వాత పెట్టినట్టు పొడుగ్గా ఎర్రగా పొక్కింది.
"సాలీడు ఉచ్చ పోసిందే,"
గోడవతల నుంచే తేల్చేసింది నూకరత్నం గారు.
మంట పిల్లకి.
చీపురు నా చేతికి.
పూనకాలమ్మ ఆ పూటే పోయింది.
ఊగుతూనే పోయింది.

మర్నాడు ఆస్పత్రిలో నర్సమ్మ నవ్వింది.
"సాలీడేం చేసిందమ్మా పాపం?
చేలల్లోంచి ట్యూబులైటుకి వస్తుంది చూడు,
చీమలా సన్నగా, ఎరుపూ నలుపూ,
అది వాలితే పిల్ల నలిపేసుంటుంది.
నలపకండి, ఊదేయండి.
సబ్బెట్టి కడగండి."
ఇంటికొచ్చి అన్నం వారుస్తూ
ఆ మూల వైపు చూడలేదు నేను.

ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర
మూడో హెచ్చరిక అన్నారు.
ఎర్రనీళ్ళు గుమ్మం ఎక్కకముందే
గోడలు కదిలాయి.
అరటి తోటలోంచి,
కొబ్బరి డొక్కల కుప్పలోంచి,
పునాది నెర్రెల్లోంచి
నేనెరగనివి, పేరు పెట్టనివి,
చిన్నా పెద్దా,
ఎవరూ ఎవర్నీ తినకుండా
పైకి, పైపైకి.
మాకన్నా ముందే అటక చేరాయి.

మేం నలుగురం, బియ్యం బస్తా,
గ్యాసు పొయ్యి, రెండు కోళ్ళు.
పడవ రేపొస్తుందన్నారు.
ఆ రేపు రెండు రోజులకి వచ్చింది.

మొదటి రాత్రే
నా చాప అంచు మీద ఆర్డీవో గారు.
బ్యాటరీ లైటు వేశాను.
పొట్ట కింద పట్టుకుని ఉంది,
చిట్టప్పడమంత తెల్లటి గుడ్ల సంచి.
"గారు కాదే, మేడమ్ గారు!" అన్నాడు మా ఆయన,
ఆ చీకట్లో, ఆ నీళ్ళ చప్పుడులో.

మామూలప్పుడైతే
గ్లాసు బోర్లించి,
కిందనుంచి పెళ్ళికార్డు తోసి,
నెమ్మదిగా బయట వదిలేదాన్ని.
ఆ రాత్రి
బయట అనేది లేదు.
గ్లాసు అందుకుని
మంచినీళ్ళు తాగి
ఉన్నచోటే పెట్టేశాను.
చాప కొంచెం జరుపుకున్నాను.
కోళ్ళ మీద మాత్రం బుట్ట బోర్లించాను.

నీళ్ళు తీశాక
గోడ మీద నా గుండెల ఎత్తున బురద గీత.
గీత కింద ఆరుసార్లు కడిగాను.
పైన బూజు అలాగే ఉంది.
"దులపవా?" అంది నూకరత్నం గారు.
ఎండ రానీండి, అన్నాను.

నష్టం రాసుకోడానికి వచ్చినాయన
టేపు పెట్టి గీత కొలిచాడు.
"ఇంట్లో ఎంతమంది?"
"నలుగురమండి," అన్నాను.
కెజియా నా మోచెయ్యి పట్టుకుని
పైకి చూసింది.