రెండు చుక్కల మధ్య

మొదటి చుక్కకీ రెండో చుక్కకీ మధ్య
ఐదు నిమిషాలు ఆగాలన్నారు డాక్టరు గారు.
ఆ ఐదు నిమిషాలే కష్టం.

తెల్లారి మొదటి పంటుకి
సఖినేటిపల్లి రేవులో ఎక్కి నర్సాపురంలో దిగుతాను.
టిక్కెట్ల కుర్రాడు రెండోరోజే అడిగాడు
"ఏంటి బాబాయ్, రోజూ ఈ టైముకి?"
చిన్న పనుందన్నాను.
నిజంగా చిన్నదే.
బొటనవేలంత సీసా.

ముప్ఫై ఏళ్ళు లేసు అల్లిన కళ్ళు అవి.
దారం తెలుపు, పువ్వు తెలుపు,
ఆఖరికి లోకమంతా తెలుపయిపోయిందట వరహాలుకి.
చెల్లెలొచ్చి చూసుకోవాల్సింది,
ఆవిడ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది.
నాకెవరూ కబురు పెట్టలేదు.
రొయ్యల మేత కొట్టు దగ్గర మాటల్లో విన్నాను.
విని ఊరుకోవచ్చు.
ఊరుకోవడంలో నాకు మంచి పేరే ఉంది.

కట్టు విప్పించడానికి తీసుకెళ్తే
నర్సమ్మ కాగితం ముందుకి తోసి
"పేషెంటుకి మీరేమవుతారు?" అంది.
పెన్ను మూత తీశాను, పెట్టాను, తీశాను.
మాజీ అని రాయొచ్చు,
అది ఎమ్మెల్యేలకయితే బాగుంటుంది.
వరహాలే చెప్పింది ఒంటికన్నుతో నేలని చూస్తూ:
"రాయండి. తెలిసినవాళ్ళు."

తిరుగు పంటులో ఆ మాటే నములుతూ వచ్చాను.
ఇరవై రెండేళ్ళు ఒక కప్పు కింద ఉండి
మేం కాలేకపోయింది అదేగా.

కోర్టులో తను నన్ను తిట్టలేదు.
"చెడ్డవారు కాదండి.
ఆయనున్న ఇంట్లో నాకు ఊపిరాడదు" అంది.
చెరువులో రొయ్య పైకి తేలి
గట్టుకి మూతి పెట్టడం
అర్ధరాత్రి టార్చిలైటేసి ఎన్నిసార్లు చూశాను!
ఏరేటర్లు వెయ్యండ్రా అని కేకలేస్తూ పరిగెత్తేవాణ్ణి.
ఇంట్లో తేలింది మాత్రం
నా కంటికి ఆనలేదు.

పైకి చూడమంటాను.
దూలం వంక చూస్తుంది.
కింది రెప్ప నా వేలితో కొంచెం లాగాలి.
ముందు "లాగుతున్నా" అంటాను, ప్రతిసారీ.
పెళ్ళయిన కొత్తలో
చెప్పి ముట్టుకున్నవాణ్ణి కాదు.

చుక్క పడుతుంది.
గోడ గడియారం తన పని తను చేసుకుంటుంది.
ఒకరోజు కాలువలు కట్టేశారని చెప్పుకున్నాం.
ఒకరోజు ముంజలు ముదిరిపోయాయని.
ఒకరోజు ఏ మాటా దొరక్క కూర్చుంటే
"పాత ఇనపసామాన్లు కొంటాం, విరిగినవైనా కొంటాం" అని
వీధిలో మైకు అరుచుకుంటూ పోయింది.
ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది.
"నవ్వించకండి, మందు కారిపోద్ది" అంది,
నేనేదో అన్నట్టు.

తలంటుకోకూడదు పదిహేను రోజులు.
జుట్టు అట్టకట్టింది.
నా చూపు దువ్వెన మీద పడటం
ఆ సగం చూపుకే ఎలా తెలిసిందో,
"అది పక్కింటి సలోమి చూసుకుంటుంది లెండి" అంది.
మంచిదే.
నా పని కంటి వరకే.

రేవు దగ్గర టీకొట్టు పెద్దాయన
"మళ్ళీ కలిశారా ఏంటోయ్?" అన్నాడు.
లేదండి, చుక్కలేస్తున్నాను.
విడిపోవడం పూర్తిగా అయ్యాకే
ఇంత దగ్గరగా కూర్చోవడం కుదిరిందని
ఆయనకి చెప్పేంత తీరిక
పంటుకి ఉండదు.

వారవారం చుక్కలు తగ్గించారు.
నిన్నటితో సీసా అయిపోయింది.
గడపలో చెప్పులేసుకుంటుంటే వెనకనుంచి పిలిచింది.
ఏవండీ అనడం మానేసి పదకొండేళ్ళు.
ఇన్నాళ్ళూ ఆ చోట మరే పిలుపూ పెట్టలేదు,
లేసులో ఖాళీని వదిలినట్టు
దాని చుట్టూ అల్లుకుంటూ వచ్చింది.
"సత్తిరాజు గారూ" అంది నిన్న,
రిజిస్టరు కవరు తెచ్చిన పోస్టుమ్యాన్‌లా.
"మీ చొక్కాకి రెండో గుండీ లేదు.
కనిపిస్తోంది."

రేవుకొచ్చే దారిలో
కాలువకి నీళ్ళొదిలారు.
మొదటి నీళ్ళు కదా,
గుర్రపుడెక్క, కొబ్బరి డొక్కలు, ఎవరిదో ఒంటి చెప్పు
అన్నిట్నీ తోసుకుంటూ పోతున్నాయి.
గుండీ లేనిచోట చెయ్యి పెట్టుకుని
అలా నిలబడిపోయాను.

పంటు ఒకటి తప్పిపోయింది.
ఇంకోటి ఉంటుంది.