నోబిడ్

టంగుటూరు గోడౌన్లో పంతొమ్మిదేళ్ళు ఆకు ఏరాను.
కళ్ళతో కాదబ్బయా, ముక్కుతో.

తుఫాను తడి తగిలిన మండె
పైపైన నిమ్మపండు రంగులో నవ్వుతుంటది.
నడుమ చెయ్యి పెడితే వెచ్చన,
జరమొచ్చిన పిల్లోడి పొట్ట మాదిరి.
అంతే. అది బూజు.
చెక్కు విప్పకుండానే చెప్పేదాన్ని.
మేస్త్రి చినవెంగయ్య నా ముక్కుని నమ్మి
చీటీ రాసేవాడు.

వేలం కాడ బూజు చెక్కుకి పాట లేదు.
కొనేవాళ్ళు నిలబడనన్నా నిలబడరు
నోబిడ్ అని నడిచిపోతారు.
రైతు దాన్ని మళ్ళీ ట్రాక్టరెక్కించి
ఎవురి మొహమూ చూడకుండా పోతాడు.

దగ్గు నాకు అప్పటికే ఉంది.
గోడౌన్లో దగ్గనోళ్ళెవురు?
బుగ్గన బెల్లంముక్క పెట్టుకుని
బెల్లం కరిగిందాకా పని చేసేవాళ్ళం.

కందుకూరులో టీబీ అన్నారు.
ఆరు నెలలు మింగాను. ఉచ్చ ఎర్రగా పోశాను.
తగ్గిందన్నారు, తగ్గింది.
మూడేళ్ళకి మళ్ళీ నెత్తురు.
తెమడ డబ్బీలో పురుగు దొరకలేదు
అయినా టీబీయే అన్నారు, అయినా మింగాను,
మళ్ళీ ఎరుపు.
మా తోడికోడలు నా లోటా వేరే మేకుకి తగిలించింది.
అదేం తప్పు కాదులే, దానికి చంటిబిడ్డ.

నా పేరు మాలకొండమ్మ.
ఆ కొండ మీద గుడి శనివారమే తెరుస్తారు.
నా ఊపిరీ అంతే అయింది
వారానికొక్క పూట తెరుచుకుని
మిగతా ఆరురోజులూ గడియ.

ఒంగోల్లో షాహీనా డాక్టరమ్మ
ఫోటోని వెలుగుకి పెట్టి చానాసేపు మాట్లాడలేదు.
ఎడమపక్కకి తిరిగి పడుకోమని
ఇంకోటి తీయించింది.
నాలోపల ఏదో గుండు
నాతోపాటే పక్కకి దొర్లింది.
దాని నెత్తిన సన్నగా గాలి, నెలవంకంత.
ఆమె ఉపవాసంలో ఉంది ఆ నెల.
"ఈ వంక నేను చూడాలనుకున్నది కాదమ్మా" అంది.

టీబీ ఎప్పుడో పోయిందంట.
అది తవ్విన గుంత మిగిలిందంట.
ఆ గుంతలో బూజు చేరి ఉండకట్టిందంట.

బూజా?
నాకు నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది,
దగ్గితే చెంగు మీద ఎర్రగా పడింది.
ఊరందరి ఆకులో వాసన పట్టినదాన్ని
ముక్కుకి జానెడు కింద
పట్టలేకపోయాను.

కోసి తీద్దామంటే మిగిలిన ఊపిరి చాలదు.
పొద్దున రెండు బిళ్ళలు, మాపటికి రెండు,
కడుపునిండా తిన్నాకే పనిచేస్తయ్యంట.
ముందు ఆ కడుపు నిండే సంగతి
చీటీలో ఏ మూలా రాసిలేదు.
నోబిడ్ అయితే కాలేదులే నేను, ఇంకా.
నెలనెలా రమ్మంది. పోతున్నాను.

గోడౌన్ గడప తొక్కొద్దంది.
తొక్కలేదు.
కానీ నిన్న సందేళ మా అరుగు కాడికి
కొత్తగా చేరిన పిల్ల, ఎలిజబెత్తు,
మండె నడిమిలోంచి లాగిన కట్ట
పమిటలో దాచుకుని తెచ్చింది.
"అక్కా, మేస్త్రి అడుగుతున్నాడు, మంచిదా కాదా?"

ముక్కు పెట్టలేదు.
దూరంగా పట్టుకోమని అరచెయ్యి ఆనించాను.
ఇంకా వెచ్చగానే ఉంది.

పిల్ల దగ్గింది. చిన్న దగ్గు,
బెల్లంముక్కకి లొంగే దగ్గు.

ఆకు సంగతి తర్వాత చెప్తా గానీ
ముందు నువ్వు
మూతికి గుడ్డ కట్టుకోయే.