శనివారం అర్జీలు

ఇరవై మూడేళ్లు ఆయన ఉత్తరాలు టైపు చేశాను.
చాలావరకు బూజు గురించే.
కౌన్సిల్ ఇళ్ల గోడల మీది నల్ల బూజు,
దాని కింద దగ్గే పిల్లలు.

ఆదివారం రాత్రి రైలెక్కి లండన్ పోయేవాడు
డూగల్ రాంకిన్, మా ఫైఫ్ బొగ్గుగనుల ఎంపీ.
గురువారానికి గొంతు బొంగురుపోయి తిరిగొచ్చేవాడు.
సొంత పార్టీకి ఎదురు ఓటేసిన ప్రతిసారీ
నాకో టాఫీ పొట్లం తెచ్చేవాడు,
కిటికీ అద్దం పగలగొట్టిన కుర్రాడిలా.
నా పళ్లు అలాగే పాడయ్యాయి.

మంత్రి పదవి ఒక్కసారి గుమ్మందాకా వచ్చింది.
ఫోను మోగేసరికి ఆయన
ఐలీన్ గెడ్డిస్ పింఛను ఫారం నింపుతున్నాడు.
"ఆగమను" అన్నాడు.
వాళ్లు ఆగలేదు.

గనులు మూశారు.
సమ్మెనాటి సూప్ గిన్నెలు
యూనియన్ హాల్లో తుప్పు పట్టాయి.
చివరికి రెండువందల పదకొండు ఓట్లతో ఓడాడు.
లెక్కింపు బల్ల దగ్గర, గెలిచిన కుర్రాడి చెయ్యి వదలకుండా
చెవిలో ఏదో చెప్పాడు.
పత్రికలవాళ్లు ఆశీర్వాదమని రాశారు.

పక్కనే ఉన్నాను, విన్నాను:
"క్రెయిగ్ వీధి, పదిహేడో నంబరు. బూజు ఇంకా పోలేదు."

సోమవారం టైపు మిషన్ మీద గుడ్డ కప్పబోయి
ఆ ఒక్క ఉత్తరం కొట్టాను.
సంతకం చోటు ఖాళీగా వదిలి
పోస్టు చేశాను.