కందెన

బండి ఇరుసుకు పూసే డబ్బల
పిల్లప్పుడు పడ్డది.
వీరోజు సైకిల్ షాపుల, పంపుకు పానాకు నడుమ,
నల్లగ మెరుసుకుంట తలకాయ ఒక్కటి పైకి లేపింది.
కిరసనాయిలు పెట్టి మూడుసార్లు కడిగినా రంగు పోలే,
పుట్టుకనే నలుపని అప్పుడెరికైంది.
పేరు మాత్రం ఉండిపోయింది.

నాకు అప్పటికే మెడ పోయింది.
పోయిందంటే తెగి పడలే,
ఉన్నకాన్నే ఉంది, పాతిన గుంజ లెక్క.
ముప్పయి రెండేండ్లకు పక్కకు తిరగనన్నది,
ముప్పయి ఐదుకు పైకి చూడనన్నది.
వాన సంగతి నేల మీద సుక్క చూసి చెప్త,
మనిషెవరో చెప్పులు చూసి చెప్త.
మా వాడల బోరు నీళ్ళు తియ్యగుండేవి.
మా అమ్మ పొరుగూరోళ్ళను పిలిచి మరీ బిందెలు నింపేది.

చండూరు తొవ్వ మీద
ఇటుక లారీలు, పత్తి ఆటోలు,
హారన్ కొట్టుడు మర్చిపోయిన పోరగాళ్ళ బండ్లు.
అందరికీ ఎనక అంటే ఒక దిక్కు,
నాకది పేరుకే ఉన్న ఊరు.

ఎవ్వలూ నేర్పలే దానికి.
ఒకనాడు వడ్ల ట్రాక్టరు మీదికొస్తాంటే
చీర మీదికెల్లే నా పిక్కకు ముక్కు పెట్టి నూకింది.
తడి ముక్కు. సల్లటిది.
ఆనాటి సంది అదే మా బాస:
కుడి పిక్కకు తగిల్తే ఎడమకు జరుగు,
ఎడమకు తగిల్తే కుడికి,
కాళ్ళకు అడ్డం పడ్డదంటే నిలవడు, కదలకు.
పండ్లతోని కొంగు గుంజితే మాత్రం
ఎవలో తెలిసినోళ్ళు నవ్వుకుంట వస్తున్నట్టు.

నల్లగొండ దవఖాన్ల సదరం క్యాంపు.
బస్సుల కండక్టరు, కుక్కకు టికెట్టెవలు తీస్తరన్నడు.
నేనే తీస్త అన్న. లగేజి కింద రాసిండు.
లగేజి అది గాదు సారూ, నేను,
నన్ను అది తీస్కపోతాంది అన్న.
నవ్విండు. చిల్లర ఇయ్యలే.

ఏర్పుల సైదమ్మ, అని పిలిచిండ్రు.
డాక్టరమ్మ కాయితం చూస్కుంటనే
"ఎనక్కి తిరుగు" అన్నది.
నేను తిరగలే.
గడపకాడ కూసున్న కందెన తిరిగింది.
వరండల బెంచీలు, మూడు గీరెల బండ్లు,
బొక్కల ఫోటోలు సంకల పెట్టుకున్నోళ్ళు,
మొత్తం ఒక్కసారి చూసొచ్చి
మల్ల నా దిక్కు మొఖం పెట్టింది,
ఏం లేదు, అంత మనోళ్ళే, అన్నట్టు.
డాక్టరమ్మ పెన్ను జరసేపు ఆగింది.

రాసిన అంకె డెబ్బై ఆరు.
బస్టాండు దాక లెక్కేసుకుంట నడిచిన,
నూటికి ఇరవై నాలుగు మిగిలె గద,
అవి నాయా, దానియా?
పింఛిని కాయితంల ఆ గడి లేదు.

ఇప్పుడు నల్లాల కిష్ణమ్మ వస్తాంది, పొద్దుగాల గంటసేపు.
మంచిదే.
మా చెల్లె మనుమరాలికి పండ్లు తెల్లగ మొలిస్తే
వాడకట్టంత పోయి నోరు తెరిపిచ్చి చూసొచ్చినం.
నాకు ఆలస్యమైంది.
కందెనకు గూడ.
మొన్న ఆవులిస్తే చూసిన,
దాని కోరల మీద నా పండ్ల గీతలే, తుప్పు రంగువి.
ఆ బోరు తొట్టిలనే తాగింది గద
నా బిందె నిండేదాక కాపలుండుకుంట.

ఈ చలికి దాని ఎనక కాళ్ళు బిగుసుకున్నయి.
ముక్కు పిక్క దాక లేవది, మడమకు ఆనిస్తది.
మడమ మొద్దు. సగం నాకు తెల్వనే తెల్వది.
షాపు కాడ ఇంకో ఈత పిల్లలున్నయి, ఒకటి తీస్కపో
అన్నడు వీరోజు.
నేను ఏమనలే.
రాత్రి నువ్వుల నూనె గోరెచ్చగ చేసి
దాని తుంటికి రుద్దుతున్న.
నా చేతులు పైకి లేవకపాయె,
నా కండ్లు పైకి చూడకపాయె,
కుక్క ఉండేది నేల మీదనే గద.

ఇయ్యాల పొద్దుమీకి కల్వర్టు మీద కూసున్నం,
నేను ఊరి దిక్కు, అది చండూరు దిక్కు,
ఈపుకు ఈపు ఆనిచ్చి.
దూరంగ ఏదో బండి.
దాని ఈపు బొక్కలల్ల చిన్న వణుకు.
నాకు తెలిసింది.
కాళ్ళు లోపలికి తీస్కున్న.